పచ్చగా ఉంది గాని పూయడం లేదు

(పెరటి తోట శీర్షిక)



క్రిస్మస్ నెల వచ్చింది. ఇళ్లకు సున్నాలు వేయడం, నక్షత్రాలు కట్టడం, పిల్లలకు పాటలు నేర్పడం, పిండివంటలకు బియ్యం నానబోయడం, ఈ పనుల మధ్య పెరట్లోని మల్లె పొద ఎవరికీ గుర్తుకు రాదు. అయితే వచ్చే వేసవిలో మల్లెలు బాగా పూయాలని కోరుకునేవారు దానిని చూసుకోవలసింది ఈ నెలలోనే. ఎండలు ముదిరాక, పొరుగింటి పొద విరగబూశాక, "మాది ఎందుకు పూయలేదు?" అని అడిగితే అప్పటికి చేయగలిగింది కొంచెమే ఉంటుంది. అందుచేత నాకు వచ్చిన ఒక ఉత్తరానికి జవాబు ఈ సంచికలోనే రాస్తున్నాను.

ఉత్తరం రాసిన సహోదరి పేరు, ఊరు చెప్పను. ఆమెకు పెండ్లి అయి ఏడు సంవత్సరాలు. పిల్లలు కలుగలేదు. ఐదేళ్ల క్రితం అత్తగారు ఒకే మల్లె పొద నుండి రెండు అంటు మొక్కలు తీసి కోడళ్లిద్దరికీ చెరొకటి ఇచ్చారట. పెద్ద కోడలు తన మొక్కను ఇంటి ముందు, వాకిలి పక్కన నాటింది. ఈమె తనదానిని పెరట్లో, బోరింగు దగ్గర గిన్నెలు తోమే చప్టా నీరు పారే చోట నాటింది. ఒక పక్క వేపచెట్టు, మరో పక్క పేడకుప్ప. పెద్ద కోడలి మల్లె ప్రతి వేసవిలో బుట్టెడు పూస్తుంది. ఈమెది మనిషెత్తు పెరిగి ఏడాది పొడవునా పచ్చగా నిగనిగలాడుతుంది గాని, వేసవి మొత్తానికి గుప్పెడు పూలు కూడ ఇవ్వదు. "రోజూ నీళ్లు పోస్తున్నాను, నెలనెలా పేడ వేస్తున్నాను, ఏమి లోటు చేశానో తెలియడం లేదు" అని రాసింది.

మొక్క సంగతి ఇంతే అయితే జవాబు నాలుగు మాటల్లో సరిపోయేది. కాని ఇంట్లోవాళ్లు, ఇరుగుపొరుగువాళ్లు, "ఆమె చెయ్యి మంచిది కాదు, అందుకే పూయడం లేదు. పూయని మొక్క ఇంట్లో ఉండకూడదు, పీకేయాలి" అంటున్నారట. మాట ఇంటితో కూడ ఆగలేదు. ఆదివార ఆరాధనకు బల్ల మీద పూలు పెట్టే పనిని వాళ్ల స్త్రీల సమాజంలో వంతుల ప్రకారం చేస్తారు. ఈమె వంతు వచ్చినప్పుడు ఒకరు, "నీకెందుకులేమ్మా శ్రమ, వేరేవాళ్లు పెడతారు" అన్నారట. ఆ మాటలో ఏమున్నదో ఆమెకు అర్థమైంది. ఉత్తరం చివర రెండు ప్రశ్నలు అడిగింది. ఆ పొదను పీకేయమంటారా? నా చేతిలో నిజంగా ఏమైనా దోషం ఉందా?

అమ్మా, పొదను పీకవద్దు. నీ చేతిలో ఏ దోషమూ లేదు. నీవు రాసిన ఉత్తరంలోనే పొద పూయకపోవడానికి కారణాలన్నీ ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా చూద్దాము. ఇదే ఇబ్బంది పడుతున్న మిగిలిన కుటుంబాలకు కూడ ఇది ఉపయోగపడుతుంది.

మల్లె ఎలా పూస్తుంది?

ముందుగా ఒక సంగతి తెలుసుకోవాలి. మల్లె పూలు కొత్తగా వచ్చిన చిగురు కొమ్మల చివర్లలో పూస్తాయి. చివర సాధారణంగా మూడేసి మొగ్గలు వస్తాయి. మధ్య మొగ్గ ముందు విచ్చుకుంటుంది. ముదిరిపోయిన పాత కొమ్మ ఆకును మోస్తుంది గాని మొగ్గ తొడగదు. కాబట్టి ఎన్ని కొత్త చిగుళ్లు వస్తే అంత పూత. చిగుళ్లన్నీ ఒకేసారి రావాలంటే పొద కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోవాలి, తరువాత దానిని కత్తిరించాలి, ఆ తరువాత తిండి పెట్టాలి. ఈ వరుస తప్పితే పొద ఆకు వేస్తూనే ఉంటుంది.

మల్లెను అమ్మకానికి పండించే రైతులు చేసేది కూడ ఇదే. 2022లో ఏర్పడిన ఎన్టీఆర్ జిల్లాలోని మైలవరం చుట్టుపక్కల మల్లె తోటలు చాలా ఉన్నాయి. మల్లె రైతులు చలికాలంలో తోటకు నీరు కట్టడం ఆపేస్తారు. ఆకు పండి రాలిపోతుంది. మిగిలిన ఆకును కొందరు చేతితో దూస్తారు, కొందరు తోటలోకి గొర్రెలను వదిలి మేపుతారు. ఆ తరువాత కొమ్మలు కత్తిరించి, ఎరువు వేసి, నీరు పెడతారు. తెలియనివారు ఆ రోజుల్లో ఆ తోటను చూస్తే చచ్చిపోయిందే అనుకుంటారు. ఆ మోడుల మీదనే ఎండాకాలంలో పూలు విరగబూస్తాయి.

నీ పొదకు తక్కువైనది ఏమిటి?

మొదటిది ఎండ. మల్లెకు రోజుకు కనీసం 6 గంటల నేరు ఎండ కావాలి. పెద్ద కోడలి మొక్క వాకిట్లో ఎండలో ఉంది. నీది వేపచెట్టు నీడలో ఉంది. నీడలో ఉన్న మల్లె బ్రతుకుతుంది, ఎండను వెదుక్కుంటూ పైకి సాగుతుంది కూడ. అది మనిషెత్తు పెరిగింది బలం ఎక్కువై కాదు, వెలుగు చాలక. అలా సాగిన కొమ్మల్లో కణుపుకు కణుపుకు మధ్య దూరం ఎక్కువగా ఉంటుంది. అలాంటి కొమ్మలకు పూత పలుచన.

రెండవది దప్పిక. నీవు రోజూ నీళ్లు పోస్తున్నావు. పైగా చప్టా నీరు ఎప్పుడూ అక్కడ పారుతూ ఉంది. మల్లెకు వేసవిలో నీరు కావాలి గాని చలికాలంలో కొద్ది వారాలు ఎండిన నేల కావాలి. నీ పొద వేర్లు ఐదేళ్లుగా ఒక్కరోజు కూడ ఎండలేదు. విశ్రాంతి లేని పొదకు పూత కాలం తెలియదు. పైగా సబ్బు నీరు పారిన నేల కొన్నాళ్లకు పాడవుతుంది.

మూడవది అతి తిండి. పేడ మంచిదే, కాని పచ్చి పేడ నెలనెలా వేస్తే, పక్కనున్న కుప్ప నుండి ఊట కూడ దిగితే, మొక్కకు నత్రజని ఎక్కువవుతుంది. నత్రజని ఆకును పెంచుతుంది. అందుకే ఆ నిగనిగ. పూలు రావాలంటే నత్రజనితో పాటు భాస్వరం, పొటాషు కూడ తగినంత ఉండాలి. ఆకులు పచ్చగా ఉన్నాయి గదా, పూలు రాలేదంటే ఇంకా తిండి చాలలేదేమో అనుకొని చాలామంది యూరియా కూడ చల్లుతారు. దానివల్ల ఆకే ఇంకా పెరుగుతుంది.

నాలుగవది కత్తెర. ఐదేళ్లలో ఒక్కసారైనా కత్తిరించినట్టు నీవు రాయలేదు. ప్రేమగా పెంచుకున్న మొక్కను కోయడానికి మనసు రాదు, నిజమే. కాని పాత కొమ్మలు తీయకపోతే కొత్త చిగుళ్లు ఎక్కడి నుండి వస్తాయి?

చూశావా తల్లీ, ఒకే పొద నుండి తీసిన రెండు మొక్కలు. ఒకటి ఎండలో, పొడినేలలో, మితమైన తిండితో ఉంది. రెండవది నీడలో, తడిలో, పేడకుప్ప పక్కన ఉంది. ఆ చోటులో పెద్ద కోడలు నాటినా, నేను నాటినా, మరెవరు నాటినా ఆ మొక్క అలాగే ఉండేది.

ఇప్పుడు చేయవలసిన పని

ఈ సంచిక చేతికి అందిన రోజు నుండి ఆ పొదకు నీరు ఆపేయండి. చప్టా నీటిని చిన్న కాలువ తీసి మరో వైపుకు, అరటి మొక్కకో కొబ్బరి చెట్టుకో మళ్లించండి. పేడకుప్పను నాలుగైదు గజాలు దూరంగా జరపండి. వేపచెట్టును కొట్టవలసిన పని లేదు. పొద మీదికి వాలిన కొమ్మలు నాలుగు తీయిస్తే ఎండ దిగుతుంది. ఈ మూడు పనులకూ ఇంట్లోని మగవారి సాయం కావాలి. నీ భర్తను అడుగు.

రెండు మూడు వారాలకు ఆకులు పండి రాలడం మొదలవుతుంది. భయపడవద్దు. ఇసుక నేల అయితే, లేక మొక్క కుండీలో ఉంటే, పూర్తిగా ఎండబెట్టకూడదు. కొమ్మల బెరడు ముడతలు పడుతున్నట్టు కనిపిస్తే ఒక చెంబెడు నీరు పోయండి.

క్రిస్మస్ వెళ్లిన వారంలో కత్తిరించండి. ఏ కారణం చేతనైనా కుదరకపోతే జనవరి మొదటి వారంలో చేయవచ్చు. పదునైన కత్తెర వాడండి. కొడవలితో నరికితే కొమ్మ చీలి, చీలిన చోట కుళ్లు చేరుతుంది. ముందు ఎండిపోయినవి, పురుగు పట్టినవి, సన్నగా బలహీనంగా ఉన్నవి, ఒకదానితో ఒకటి రాచుకునేవి మొదలంటా తీయండి. తరువాత మిగిలిన బలమైన కొమ్మలను నేల నుండి సుమారు 45 సెంటీమీటర్ల ఎత్తులో, అంటే ఒక మూర ఎత్తులో, కణుపుకు కాస్త పైగా కత్తిరించండి. మిగిలిన ఆకును చేతితో దూసేయండి. నాటి రెండేళ్లు కూడ నిండని లేత మొక్కలకు ఇంత కోత వద్దు. వాటికి కొనలు తుంచితే చాలు.

తరువాత మొదలుకు జానెడు దూరం వదిలి, చుట్టూ అర జానెడు లోతు మట్టిని నెమ్మదిగా తవ్వండి. లావు వేర్లు తెగకుండా చూడండి. మూడు నాలుగు రోజులు ఆ మట్టికి ఎండ తగలనివ్వండి. ఆ తరువాత బాగా మాగిన పశువుల ఎరువు ఒక గంపెడు, అంటే 8 నుండి 10 కిలోలు, వేపపిండి పావు కిలో, ఎముకల పొడి రెండు గుప్పెళ్లు మట్టిలో కలిపి పాదు కట్టండి. మాగిన ఎరువు అంటే పేడ వాసన పోయి, చేతిలోకి తీసుకుంటే నల్ల మట్టిలా పొడిపొడిగా ఉండాలి. కట్టెల పొయ్యి ఉన్న ఇళ్లవాళ్లు రెండు గుప్పెళ్ల బూడిద కలపవచ్చు. బూడిదలో పొటాషు ఉంటుంది. అయితే చౌడు నేలల్లో, సున్నపు నేలల్లో బూడిద వేయకండి. అప్పుడు పాదు నిండా నీరు పోయండి.

రెండు మూడు వారాల్లో మోడు నిండా ఎర్రటి చిగుళ్లు కనిపిస్తాయి. ఇక్కడి నుండి నీటిలో అశ్రద్ధ చేయరాదు. చలి ఉన్నంతకాలం వారానికి ఒకసారి, ఎండలు ముదిరాక రెండు మూడు రోజులకు ఒకసారి, నేల చూసి పోయండి. మొగ్గ తొడిగిన తరువాత పాదు ఎండిపోతే మొగ్గలు రాలతాయి. మిగతా చిగుళ్లను మించి పొడవుగా, మొగ్గ లేకుండా సాగిపోయే కొమ్మలను కొనలు తుంచండి. ఫిబ్రవరి చివరికి, మార్చికి తొలి మొగ్గలు వస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో నిండు పూత. మొదటి సంవత్సరమే బుట్టెడు పూస్తుందని అనుకోవద్దు. ఐదేళ్లు అలా పెరిగిన పొద దారికి రావడానికి రెండు వేసవులు పట్టవచ్చు.

లేత ఆకులు పసుపు రంగుకు తిరిగి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము లోపం. లీటరు నీటికి అన్నభేది 5 గ్రాములు, నిమ్మ ఉప్పు 1 గ్రాము కలిపి ఆకుల మీద చల్లండి. వారం పది రోజులకు మరోసారి చల్లాలి. మొగ్గలు ఊదా రంగుకు తిరిగి రాలిపోతుంటే లోపల పురుగు చేరిందని గుర్తు. రాలిన మొగ్గలను అక్కడే వదలకుండా ఏరి కాల్చండి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి సాయంకాలం చల్లండి.

అన్ని మొక్కలకు ఒకే నియమం కాదు

ఇది చదివి కొందరు పెరట్లోని పూల మొక్కలన్నిటినీ ఈ నెలలోనే కోసేస్తారేమోనని రెండు మాటలు చెబుతున్నాను.

జాజికి కూడ కోత అవసరమే. అయితే దానిని జనవరి చివరి వారంలో కత్తిరించాలి. అది వానాకాలంలో పూసే మొక్క. గులాబీకి కోత కాలం వానలు వెనుకబట్టిన అక్టోబరు. కోసిన ఆరేడు వారాలకు పూలు వస్తాయి. బయటి వైపుకు చూస్తున్న మొగ్గకు కాస్త పైగా ఏటవాలుగా కోయాలి. మందారం ఏడాదంతా కొత్త చిగురు మీద పూస్తూనే ఉంటుంది. దానికి పెద్ద కోత వద్దు, చలి తగ్గాక కొనలు కత్తిరిస్తే చాలు. మందార మొగ్గలు విచ్చుకోకుండా రాలితే రెండు కారణాలు చూడండి. ఒకరోజు ఎండబెట్టి ఒకరోజు ముంచేయడం ఒకటి, తెల్లటి పిండినల్లి పట్టడం రెండవది. పిండినల్లిని గట్టి నీటి ధారతో కడిగి, పైన చెప్పిన వేపనూనె చల్లండి.

కాగితం పూల మొక్కకు మంచి ఎండ ఉండి నీరు తక్కువైతేనే పూత ఎక్కువ. దానికి రోజూ నీళ్లు పోస్తే ఆకులే మిగులుతాయి. కనకాంబరానికి పూలు అయిపోయిన వెన్నులను ఎప్పటికప్పుడు తుంచేయాలి. నీడ తప్పని పెరడు ఉన్నవారు నందివర్ధనం వేసుకోండి. కొంత నీడలో కూడ పూసే మొక్క అది. గన్నేరు పూస్తుంది గాని దాని ఆకు, కొమ్మ, పాలు అన్నీ విషమే. చిన్నపిల్లలు, పశువులు తిరిగే చోట దానిని పెట్టకండి.

ఏ మొక్క గుణము దానిది. దానికి ఏమి కావాలో తెలుసుకోవడమే తోటపని.

చెయ్యి మంచిది కాదన్న మాట

ఇక నీ రెండవ ప్రశ్నకు వస్తున్నాను. ఇది నీ ఒక్కదానికే కాదు, మన సంఘాలన్నిటికీ చెప్పవలసిన మాట.

లూకా సువార్త 13వ అధ్యాయములో ప్రభువు చెప్పిన అంజూరపు చెట్టు ఉపమానము మనందరికీ తెలుసు. మూడేళ్లు ఫలము వెదకి దొరకక, యజమానుడు నరికివేయమంటాడు. తోటమాలి ఈ ఒక్క సంవత్సరము ఆగమని బతిమాలుకుంటాడు. చుట్టూ త్రవ్వి ఎరువు వేస్తానంటాడు. చెట్టు ఎందుకు కాయలేదో ఆ తోటమాలి ఎవరి చేతి మీదికీ నెట్టలేదు. నాటినవాని చెయ్యి మంచిది కాదని అనలేదు. పార తీసుకొని తాను చేయగలిగిన పని చేస్తానన్నాడు.

ఈ ఉపమానమును పిల్లలు లేని స్త్రీల మీదికి తిప్పి మాట్లాడేవాళ్లు ఉన్నారు. అది వాక్యమును వక్రంగా వాడడము. అక్కడ ప్రభువు మాట్లాడుతున్నది మారుమనస్సును గురించి. అదే అధ్యాయము మొదటి ఐదు వచనములు చదవండి. పిలాతు చంపించిన గలిలయులను గురించి, సిలోయము గోపురము కూలి చనిపోయిన 18 మందిని గురించి అక్కడ ఉన్నది. వారికి కీడు జరిగింది గనుక వారు మిగిలినవారికంటె పాపులని తలంచవద్దని ప్రభువు ఖండితంగా చెప్పాడు. ఆ మాట చెప్పిన వెంటనే ఈ ఉపమానము చెప్పాడు. అంటే, ఎదుటివాని కష్టమును చూసి వాని మీద తీర్పు చెప్పే నోటిని మూయించిన తరువాతనే చెట్టును గురించి మాట్లాడాడు. ఫలము వెదకవలసింది ఎవరికి వారు తమలోనే.

లూకా మొదటి అధ్యాయములో జెకర్యా, ఎలీసబెతుల సంగతి ఉన్నది. వారు దేవుని దృష్టికి నీతిమంతులని ముందు చెప్పి, వారికి పిల్లలు లేరని తరువాత చెబుతాడు సువార్తికుడు. రెండూ ఒకేచోట ఉన్నాయి. పిల్లలు లేకపోవడము ఆమె నీతిని తగ్గించలేదు. యెషయా గ్రంథము 56వ అధ్యాయములో, సంతానము కలుగని నపుంసకుడు తనను ఎండిన చెట్టుగా ఎంచుకోవద్దని దేవుడు చెప్పి, కుమారులు కుమార్తెలు ఉండుటకంటె మేలైన పేరు తన మందిరములో ఇస్తానని వాగ్దానము చేశాడు. ఆ పేరు ఇచ్చే చోటు తన మందిరమేనని ఆయన చెప్పాడు. అటువంటి మందిరములో బల్ల మీద పూలు పెట్టడానికి ఒక సహోదరిని వద్దనడానికి మనము ఎవరము?

మరొక సంగతి చెబుతాను. మన పెరళ్లలోని మల్లె సాధారణంగా కాయ కాయదు, విత్తనము ఇవ్వదు. అందుకే దానిని అంటు తొక్కో, కొమ్మ నాటో పెంచుతాము. ఢిల్లీ కనకాంబరము అని పిలిచే రకము కూడ అంతే, విత్తనము కట్టదు. అయినా మల్లెను గొడ్డు మొక్క అని ఎవరైనా అన్నారా? సాయంకాలం అది విచ్చుకున్నప్పుడు ఇల్లంతా పరిమళమే గదా! మొక్కలో చూడని లోటును మనిషిలో వెదకడము ఏమి న్యాయము?

అత్తగార్లకు, తోడికోడళ్లకు ఒక మనవి. సమూయేలు మొదటి గ్రంథములో హన్నాను పెనిన్నా మాటలతో ఏడిపించిన సంగతి మీకు తెలుసు. అది యేటేటా, వారు దేవుని మందిరమునకు వెళ్లే సమయంలోనే జరిగేది. ఇంట్లో కలిగే గాయము ఒక ఎత్తు, గుడికి వెళ్లే దారిలో కలిగే గాయము మరొక ఎత్తు. మీ ఇంట్లో హన్నా ఉంటే పెనిన్నాలు కాకండి. వంటింట్లో అన్న ఒక్క మాట సంఘంలో పది నోళ్లకు ఎక్కుతుంది.

భర్తకు ఒక మాట. నాయనా, నీ భార్యను గురించి ఇంత మాట జరుగుతుంటే నీవు ఊరకుండడము తగదు. పిల్లలు కలుగకపోవడానికి కారణము స్త్రీలో ఉండవచ్చు, పురుషునిలో ఉండవచ్చు, ఇద్దరిలోను ఉండవచ్చు. కాబట్టి ఆమెను ఒక్కదానినే ఆసుపత్రుల చుట్టూ తిప్పక, ఇద్దరూ కలిసి వైద్యుని దగ్గరకు వెళ్లండి, ఇద్దరూ పరీక్షలు చేయించుకోండి. ఇద్దరూ కలిసి ప్రార్థించండి. ఆ వేపకొమ్మలు తీసే పని, కాలువ తవ్వే పని కూడ నీవు పూనుకొని చెయ్యి. ఇంటివాళ్లు చూస్తుండగా చెయ్యి.

స్త్రీల సమాజము పెద్దలకు చివరి మాట. ఆ సహోదరి మల్లె పూసిన తరువాత ఆమెకు వంతు ఇద్దామని ఆగకండి. ఆమె పొద పూసినా పూయకపోయినా ఆమె వంతు ఆమెదే. ఇప్పుడు మల్లెలు లేకపోతే బంతిపూలు ఉన్నాయి, చామంతులు ఉన్నాయి. ఈ క్రిస్మస్ ఆరాధనకు బల్ల మీద పూలు ఆమె చేతితోనే పెట్టించండి. మొదట వద్దన్న సహోదరి పక్కన నిలబడి నీళ్ల పాత్ర అందిస్తే ఇంకా మంచిది.

నీకు చెప్పవలసింది ఒకటి మిగిలింది తల్లీ. ఈ పనులన్నీ చేసిన తరువాత కూడ ఆ చోటికి ఎండ చాలకపోవచ్చు. వచ్చే వానాకాలంలో ఆ పొద కొమ్మను ఒకదానిని వంచి, కణుపు దగ్గర బెరడు కొంచెం గీకి, మట్టితో కప్పి, పైన రాయి పెట్టు. మూడు నాలుగు నెలల్లో వేరు పడుతుంది. దానిని తల్లి కొమ్మ నుండి వేరు చేసి ఎండ బాగా ఉన్న చోట నాటు. నాటిన మూడో ఏటి నుండి బాగా పూస్తుంది. నీ చెయ్యి మొక్క నాటడానికి, నీళ్లు పోయడానికి దేవుడిచ్చిన చెయ్యి. దానిని దాచుకోవద్దు.

ఈ నెల పనులు: మల్లెకు నీరు ఆపండి. పొద మీద పడే నీడ తగ్గించండి. కత్తెరకు పదును పెట్టించండి. పశువుల ఎరువు మాగిందో లేదో చూసుకోండి. క్రిస్మస్ తరువాతి వారంలో కత్తిరించి, పాదు తవ్వి, ఎండ తగిలిన తరువాత ఎరువు వేసి నీరు పెట్టండి.

మీ కుటుంబములన్నిటికీ క్రిస్మస్ శుభములు. ప్రభువు కృప మీకు తోడైయుండును గాక. ఆమేన్.